ఎవరూ పాడని వేలంపాట

క్లబ్ వాళ్లు ఈసారి "మీకు బాగా తెలిసిన విషయం ఒకటి మిగతావాళ్లకి అర్థమయ్యేలా రాయండి" అన్నారు. నా క్లాస్‌మేట్స్ ఏఐ మీద, క్లౌడ్ మీద రాస్తున్నారు. నాకు బాగా తెలిసింది ఏమిటా అని ఆలోచిస్తే ఒకటే తట్టింది. ఆన్‌లైన్ వేలంలో ఎవరూ కొనకపోతే ఏం జరుగుతుంది, ఆ తర్వాత "మేం విడిగా కొంటాం" అంటూ వచ్చేవాళ్లతో ఎలా మాట్లాడాలి. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. మా మామయ్య ఇంటి వల్ల నేర్చుకున్నా.

సున్నా బిడ్లు

మామయ్య వాళ్లది తోటపల్లిగూడూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఊరు. లీజుకి చెరువులు తీసుకుని వనామి రొయ్యలు వేసేవాడు. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ వచ్చి పోయాయి. మేత షాపు బాకీ, డీజిల్, కరెంటు, లీజు డబ్బులు అన్నీ మీద పడ్డాయి. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో తెచ్చిన లోన్ ఆగిపోయింది.

అప్పుడు నేను ఇంటర్ సెకండియర్. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్తే మామయ్య నాలుగు పేజీల కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏం పాపా, నువ్వు చిన్నప్పట్నుంచి ఇంగ్లీష్ మీడియమే కదా. ఇందులో ఏం రాసుండారో చదివి చెప్పు."

చదివాను. ప్రతి మాటా చదవగలిగాను, ఒక్క వాక్యం కూడా చెప్పలేకపోయాను. "సెక్యూర్డ్ క్రెడిటర్" అని ఉంది. "తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకు" అని చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. "యాజ్ ఈజ్ వేర్ ఈజ్" అంటే ఏంటని అత్త అడిగితే నీళ్లు నమిలాను. మామయ్యే చెప్పాడు, "ఉన్నది ఉన్నట్టు అని అయ్యుంటుందిలే. చేపల పాటలో కూడా అంతే కదా. గంప చూసుకుని పాడుకోవాల, తర్వాత అడిగేదానికి లేదు." కరెక్ట్‌గా అదే అర్థం.

వేలం రోజు నా ఫోన్‌లో పేజీ పెట్టుకుని అందరం కూర్చున్నాం. టైమ్ అయిపోయింది. బిడ్లు: 0. అత్త కళ్లు తుడుచుకుని "హమ్మయ్య, ఎవరూ కొనలేదంట" అని టీ పెట్టడానికి లేచింది. ఇల్లు మిగిలిపోయిందనుకుంది. నేనూ అంతే అనుకున్నా.

సాయంత్రం ఆరు గంటలకి ఫోన్ వచ్చింది. "అన్నా, వేలం పోయిందంట కదా. మా దగ్గర పార్టీ ఉంది. కూర్చుని మాట్లాడుకుందామా?"

ఆ ఫోన్‌కి ఏం సమాధానం చెప్పాలన్నదే ఈ వ్యాసం.

వేలం దాకా ఎలా వస్తుంది

ఇది టూకీగా చెప్తా. బ్యాంకులు కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని అమ్ముకోవడానికి 2002లో ఒక చట్టం వచ్చింది. అందరూ సర్ఫేసీ చట్టం అంటారు. కంతులు 90 రోజులు దాటి ఆగిపోతే ఆ లోన్‌ని మొండి బాకీ కింద లెక్కేస్తారు. అప్పుడు సెక్షన్ 13(2) కింద 60 రోజుల నోటీసు ఇస్తారు. అప్పటికీ కట్టకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకుంటారు. తర్వాత గుర్తింపు ఉన్న వాల్యూయర్‌తో విలువ కట్టించి, ఇంతకంటే తక్కువకి అమ్మం అని ఒక ధర పెడతారు. అదే రిజర్వ్ ప్రైస్. 30 రోజుల ముందు అమ్మకం నోటీసు ఇచ్చి వేలం పెడతారు.

వేలంలో పాల్గొనేవాళ్లు ముందే ధరావతు కట్టాలి. మామూలుగా రిజర్వ్ ప్రైస్‌లో పది శాతం అడుగుతారు. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక సేవల విభాగం ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలాలన్నీ ఒకచోట కనిపించేలా బ్యాంక్‌నెట్ అనే పోర్టల్ తెచ్చింది. మామయ్య ఇల్లు దానికంటే ముందే, వేరే సైట్‌లో వేలానికి వచ్చింది.

ఒక మినహాయింపు గుర్తుపెట్టుకోండి. సెక్షన్ 31(ఐ) ప్రకారం వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. రికార్డులో ఏం రాసి ఉందన్నదే కాదు, ఆ భూమి నిజంగా ఎలాంటిది, దేనికి వాడుతున్నారు అన్నది ముఖ్యమని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మన తీరంలో మాగాణి తవ్వి చెరువులు చేసిన భూములు చాలా ఉన్నాయి కాబట్టి, అలాంటి భూమికి నోటీసు వస్తే ముందు లాయర్‌కి ఈ పాయింట్ చూపించండి. మామయ్యది ఊర్లో ఇల్లు, అందుకని ఆ దారి లేదు.

ఎవరూ పాడకపోతే?

అత్త అనుకున్నట్టు అక్కడితో అయిపోదు. బాకీ అలాగే ఉంటుంది, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. బ్యాంకు ముందు మూడు దారులుంటాయి.

మొదటిది, మళ్లీ వేలం. రెండోసారికి 30 రోజులు అక్కర్లేదు, 15 రోజుల నోటీసు చాలు. చాలాసార్లు రిజర్వ్ ప్రైస్ కొంత తగ్గిస్తారు.

రెండోది, బ్యాంకే పాడుకోవడం. రిజర్వ్ ప్రైస్‌కి బిడ్ రాక వేలం వాయిదా పడితే, తర్వాతి వేలంలో బ్యాంకు తరఫున అధికారి బిడ్ వేయొచ్చు. సెక్షన్ 13(5ఏ) ఇందుకే ఉంది.

మూడోది, ప్రైవేట్ ట్రీటీ. అంటే వేలం లేకుండా ఒక కొనుగోలుదారుతో మాట్లాడుకుని అమ్మడం. ఇది చట్టవిరుద్ధం కాదు. ఈ చట్టం కింద 2002లో వచ్చిన నిబంధనల్లో రూల్ 8(5) నాలుగు పద్ధతులు చెప్తుంది: కొటేషన్లు తీసుకోవడం, టెండర్లు పిలవడం, బహిరంగ వేలం, ప్రైవేట్ ట్రీటీ. కాకపోతే షరతులన్నీ రాతపూర్వకంగా ఉండాలి.

ఆ సాయంత్రం వచ్చిన ఫోన్ ఈ మూడో దారి పేరు చెప్పుకుని వచ్చింది.

వేలంలో పాడనివాడు తర్వాత ఎందుకు ఫోన్ చేస్తాడు?

నాకు మొదట వచ్చిన డౌట్ ఇదే. కొనాలనుంటే పొద్దున్నే బిడ్ వేయొచ్చు కదా? అప్పుడు తెలియలేదు. ఇంజినీరింగ్‌కి వచ్చాక గేమ్ థియరీ వీడియోలు చూస్తుంటే అర్థమైంది.

రిజర్వ్ ప్రైస్ అందరికీ కనిపిస్తుంది. ఎవరూ పాడలేదన్న సంగతి కూడా అందరికీ తెలిసిపోతుంది. అంటే ఆ నిమిషం నుంచి బేరం ఒకవైపుకి ఒరుగుతుంది. "మీ ధరకి ఎవరూ రాలేదు కదా" అనే మాట కొనేవాడి చేతికి వస్తుంది. పైగా రెండోసారి ధర తగ్గుతుందని తెలిసినవాడు మొదటిసారి ఎందుకు పాడతాడు? ఆగుతాడు. రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1972లో దాదాపు ఇదే రాశాడు. అమ్మేవాడు ముందు ముందు ధర తగ్గిస్తాడని కొనేవాళ్లు నమ్మితే, ఇప్పటి ధరకి ఎవరూ కొనరు. నెదర్లాండ్స్‌లో పూల వేలాల్లో పైనుంచి కిందకి దిగే గడియారం పెడతారు, ముందు ఎవరు ఆపితే వాళ్లకి. బ్యాంకు వేలాలు వరసగా ఫెయిలవుతూ ధర తగ్గుతూ ఉంటే అది నెలల తరబడి తిరిగే అలాంటి గడియారమే.

ఇంకో విషయం. అమ్ముడుపోలేదంటే రిజర్వ్ ప్రైస్ తప్పు అని కాదు. రోజర్ మయర్సన్ 1981లో లెక్క కట్టి చూపించాడు: అమ్మేవాడికి లాభమైన రిజర్వ్ ప్రైస్ పెడితే, కొన్నిసార్లు వస్తువు అమ్ముడుపోకుండా మిగలడం ఖాయం. అది ఆ పద్ధతిలో ఉన్నదే, వస్తువులో లోపం కాదు.

క్రికెట్ భాషలో చెప్తే ఇంకా ఈజీ. 2024 నవంబర్‌లో జెద్దాలో జరిగిన ఐపీఎల్ మెగా వేలంలో శార్దూల్ ఠాకూర్‌ని ఎవరూ కొనలేదు. బేస్ ప్రైస్ రెండు కోట్లు. 2025 మార్చిలో మొహ్సిన్ ఖాన్‌కి దెబ్బ తగిలితే లక్నో టీమ్ అతని ప్లేస్‌లో శార్దూల్‌ని తీసుకుంది. వేలం లేదు, నేరుగా మాట్లాడుకున్నారు. కానీ ఎంతకి? అదే రెండు కోట్లకి. మార్చి 27న ఉప్పల్‌లో వచ్చి మన సన్‌రైజర్స్ మీదే 34 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు! అమ్ముడుపోలేదు అంటే పనికిరాదు అని కాదని ఆ రోజు మా హాస్టల్ మొత్తానికి అర్థమైంది. ఇంకో సంగతి గమనించండి. ఆ విడి ఒప్పందం లీగ్ రూల్స్ లోపలే, అందరికీ తెలిసేలా జరిగింది. మామయ్యకి వచ్చిన ఆఫర్ అలాంటిది కాదు.

ఆ ఆఫర్‌లో ఏముంది

అసలు అంకెలు రాయను, లెక్క సులువుగా ఉండేలా గుండ్రం చేశా. రిజర్వ్ ప్రైస్ 50 లక్షలు. ఖర్చులతో కలిపి బాకీ 40 లక్షలు. బ్రోకర్ వచ్చి వసారాలో కూర్చుని చెప్పింది ఇది:

"మొత్తం 38 అన్నా. అందులో 34 బ్యాంకుకి. నాలుగు నీ చేతికి, క్యాష్. బ్యాంకులో నేను మాట్లాడతా. నువ్వు 34కి ఇష్టమే అని కాగితం మీద సంతకం పెడితే చాలు. లేకపోతే ఇల్లూ పోద్ది, చేతికి రూపాయి కూడా రాదు."

మామయ్య ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. ఆ నాలుగు లక్షలు అప్పుడు ఆయనకి నలభై లక్షల్లా కనిపించాయి. మేత షాపు వాడు రోజూ వస్తున్నాడు. మా బావ ఫీజు కట్టాలి. తప్పు పట్టలేను.

నేను పక్కనే కూర్చుని కాలిక్యులేటర్ తీశా. గొప్ప తెలివితో కాదు, ఏదో ఒకటి చేయాలని.

34కి అమ్మితే బ్యాంకుకి ఇంకా ఆరు లక్షలు రావాలి. ఆస్తి అమ్మినా బాకీ తీరకపోతే, మిగిలింది వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకి ఉంది, అది సెక్షన్ 13(10). అంటే చేతికి నాలుగు వస్తాయి, నెత్తిన ఆరు ఉంటాయి. నికరంగా మైనస్ రెండు.

అదే రెండో వేలంలో 45కి పోయిందనుకోండి. బ్యాంకు తన 40 తీసుకుంటుంది. మిగిలిన ఐదు లక్షలు ఎవరివి? మామయ్యవే. ఖర్చులు, బాకీ పోగా మిగిలింది హక్కుదారుకి ఇవ్వాలని సెక్షన్ 13(7) చెప్తుంది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊర్లో చాలామంది వేలం అంటే మొత్తం బ్యాంకు తీసేసుకుంటుందనే అనుకుంటారు. బ్రోకర్ "రూపాయి కూడా రాదు" అన్నది ఆ తెలియనితనం మీదే.

మైనస్ రెండుకీ ప్లస్ ఐదుకీ తేడా ఏడు లక్షలు. ఒక సంతకం ఖరీదు.

అసలు మామయ్య సంతకం వాళ్లకి ఎందుకు కావాలి? రూల్ 9(2) ప్రకారం రిజర్వ్ ప్రైస్ కంటే తక్కువకి అమ్మకాన్ని ఖరారు చేయడం కుదరదు. ఆ ధర రానప్పుడు తక్కువకి అమ్మాలంటే అప్పు తీసుకున్నవాళ్లూ, అప్పిచ్చిన బ్యాంకూ ఇద్దరూ ఒప్పుకోవాలి. అంటే అన్నీ పోయాయనుకున్న మనిషి చేతిలో ఇంకా ఒక తాళం ఉంది. ఆ తాళం కోసమే నాలుగు లక్షలు.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర ఉంది. ప్రైవేట్ ట్రీటీకి షరతులు "పార్టీల మధ్య" రాసుకోవాలని పాత రూల్ 8(8)లో ఉండేది. అప్పు తీసుకున్నవాళ్ల అంగీకారం లేకుండా అలా అమ్మడం చెల్లదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 నవంబర్‌లో ఆ రూల్ మార్చి "బ్యాంకుకీ, కొనేవాళ్లకీ మధ్య" అన్నారు. కాబట్టి ఇప్పుడు ఆ షరతులు రాసుకోవడంలో మనకి మునుపటంత చోటు లేదు. కానీ ధర రిజర్వ్ ప్రైస్ కంటే దిగితే మన అంగీకారం కావాలన్న రూల్ 9(2) మాత్రం అలాగే ఉంది.

అలాంటి ఆఫర్ వస్తే ఏం చేయాలి

ఆ తర్వాత నెల్లూరులో ఒక లాయర్ దగ్గరికి వెళ్లాం. ఆయన చెప్పింది, నేను తర్వాత చదువుకుంది కలిపి వరసగా రాస్తున్నా.

1. ఫోన్‌లో అవును అనొద్దు, కాదు అని కూడా అనొద్దు. "మీ ఆఫర్ రాసి బ్యాంకు అధీకృత అధికారికి పంపండి, కాపీ నాకివ్వండి" అనండి. నిజంగా కొనేవాడికి ఇది కష్టం కాదు. మిగతావాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

2. బ్యాంకుకి తెలియకుండా ఏ అగ్రిమెంటూ రాసుకోవద్దు. 13(2) నోటీసు అందాక, బ్యాంకు రాతపూర్వక అనుమతి ముందుగా లేకుండా ఆ ఇంటిని అమ్మకూడదు, లీజుకి కూడా ఇవ్వకూడదు. సెక్షన్ 13(13). "ముందు మనం మనం రాసుకుందాం, బ్యాంకు సంగతి తర్వాత" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి.

3. డబ్బు బ్యాంకు చెప్పిన ఖాతాలోకే పోవాలి. చేతికి క్యాష్ అన్నది అసలు వద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు గానీ అంతకు మించి గానీ క్యాష్‌గా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. దొరికితే తీసుకున్నంతా జరిమానా పడొచ్చు.

4. రిజర్వ్ ప్రైస్ కంటే తక్కువ ఆఫర్‌కి సంతకం పెట్టే ముందు మూడు అంకెలు కాగితం మీద ఉండాలి: ఈ రోజుకి మొత్తం బాకీ, ఆఫర్ ధర, అమ్మాక మిగిలే బాకీ. మూడోది సున్నా కాకపోతే, మిగిలింది మాఫీ చేసి మొత్తం అప్పు తీరినట్టు బ్యాంకు రాసిస్తుందా అని అడగండి. రాసిస్తేనే సంతకం గురించి ఆలోచించండి. నోటి మాట లెక్కలోకి రాదు.

5. ఒక్క ఆఫర్ అంటే ధర కాదు. ఇంకో ఇద్దరిని అడిగితేనే అది ధర అవుతుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పకపోవడమే బ్రోకర్‌కి బలం.

6. ఇల్లు నిలబెట్టుకునే ఆశ ఉంటే ఆలస్యం చేయొద్దు. మొత్తం బాకీ కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు, 2016 సవరణ తర్వాత, అమ్మకం నోటీసు ప్రచురించేలోపే. 2023లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆ తర్వాత బ్యాంకు ఒప్పుకుంటే తప్ప కుదరదు.

7. బ్యాంకు పద్ధతి తప్పి నడిచిందనిపిస్తే, ఆ చర్య జరిగిన 45 రోజుల్లోపు సెక్షన్ 17 కింద రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. అన్నీ రాతలో ఉంచుకోమన్నది ఇందుకే.

కొనే వైపు ఉన్నవాళ్లకి కూడా రెండు మాటలు. మనలో కొందరి ఇళ్లలో "బ్యాంకు వేలం ఇళ్లు చవక" అనే మాట నడుస్తూ ఉంటుంది. ఆఫర్ ఇచ్చే ముందు ఈసీ తీయించండి. బ్యాంకు చేతికి తాళాలు వచ్చాయా, లేక కాగితం మీదే స్వాధీనమా అని అడగండి. కాగితం మీదే అయితే లోపల ఉన్నవాళ్లని ఖాళీ చేయించడం మరో కథ. కరెంటు, ఇంటి పన్ను బాకీలు "ఉన్నది ఉన్నట్టు"లో భాగమే. వేలంలో పాట దక్కితే ధరలో 25 శాతం అదే రోజు, లేదా మరుసటి పనిదినం లోపు కట్టాలి. మిగతాది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో. రాతపూర్వకంగా ఒప్పుకుంటే గరిష్ఠంగా మూడు నెలలు. కట్టలేకపోతే ఆ 25 శాతం పోతుంది. అలా మొత్తం జప్తు చేయడం సరైనదేనని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. హోమ్ లోన్ వస్తుందిలే అని నమ్మి దిగొద్దు.

రూల్స్ లేకపోతే ఏమవుతుంది

ఇదంతా ఎందుకు, బ్యాంకు ఎవరికి నచ్చితే వాళ్లకి అమ్ముకోవచ్చుగా అనిపించొచ్చు. కానీ ఫెయిలైన ప్రతి వేలం తర్వాతా తలుపు చాటున తక్కువకి అమ్మేస్తారని తెలిస్తే, వేలంలో పాడేవాళ్లే ఉండరు. అందరూ తలుపు దగ్గరే నిలబడతారు.

కంపెనీల దివాలా చట్టంలో కూడా ఇదే ఆలోచన. 2016 నాటి లిక్విడేషన్ నిబంధనల్లో రెగ్యులేషన్ 33 ప్రకారం ఆస్తుల్ని మామూలుగా వేలంలోనే అమ్మాలి. విడిగా అమ్మడానికి కొన్ని సందర్భాలే ఉన్నాయి: వస్తువు పాడైపోయేదైనప్పుడు, వెంటనే అమ్మకపోతే విలువ బాగా పడిపోయేటప్పుడు, ట్రిబ్యునల్ అనుమతి ఉన్నప్పుడు, లేదా ఫెయిలైన వేలంలో పెట్టిన రిజర్వ్ ప్రైస్ కంటే ఎక్కువ ధర వచ్చినప్పుడు. చివరిది చూడండి. వేలం తర్వాత విడిగా రావాలంటే ఎక్కువ ఇచ్చి రావాలి! అమ్మే అధికారి తన బంధువర్గానికి అనుమతి లేకుండా అలా అమ్మకూడదని కూడా ఉంది.

పాత వస్తువులు అమ్మే సైట్లలో కూడా ఇదే ఇబ్బంది. ఈబేలో వేలం కుదరకపోతే, ముందు బిడ్ వేసి ఓడినవాళ్లకి అమ్మేవాళ్లు "సెకండ్ ఛాన్స్ ఆఫర్" పంపొచ్చు. నిజమైనది ఈబే మెసేజ్‌లలో కనిపిస్తుంది. దాన్నే కాపీ కొట్టి బయట ఈమెయిల్‌లో "డబ్బు ఇక్కడికి పంపండి" అనే మోసాలు వచ్చాయి. వస్తువు కెమెరా అయినా, మామయ్య ఇల్లయినా, సూత్రం ఒకటే: ఏ తలుపులోంచి వేలం జరిగిందో ఆ తలుపులోంచే ఆఫర్ కూడా రావాలి.

మాకు ఏమైంది

బ్రోకర్‌కి "రాసి బ్యాంకుకి పంపండి" అని మామయ్య చెప్పాడు. పంపుతానన్నాడు. మళ్లీ ఫోన్ రాలేదు.

రెండో వేలం నోటీసు వచ్చింది, రిజర్వ్ ప్రైస్ 45 లక్షలు. ఆ రాత్రి నేను ఊరికే కొనేవాడిలా నటిస్తూ వేలం సైట్‌లో వెతికా. జిల్లా నెల్లూరు అని పెట్టా. మామయ్య ఇల్లు రాలేదు. మళ్లీ పెట్టా. రాలేదు. అరగంట తర్వాత దొరికింది, తిరుపతి జిల్లా కింద.

ఎందుకంటే మండలం పేరు టీపీ గూడూరు. ఎవరో ముందు అక్షరాలు వదిలేసి ఒట్టి గూడూరు అని ఎక్కించారు. గూడూరు టౌన్ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాకి వెళ్లింది. అంతే, మా ఇల్లు సముద్రం ఒడ్డు నుంచి ఎగిరిపోయి వేరే జిల్లాలో పడింది. నెల్లూరు చుట్టుపక్కల ఇల్లు వెతికే మనిషికి అది కనిపించే అవకాశమే లేదు. ఒక్క ఫొటో కూడా లేదు. సున్నా బిడ్లకి కారణం ధరేనని అందరం అనుకున్నాం. ఒక డ్రాప్‌డౌన్ మెనూ అని ఎవరికీ తట్టలేదు.

మామయ్య చేత బ్యాంకుకి లెటర్ రాయించా. మొదటిది తెలుగులో ఆయన చెప్పినట్టు, రెండోది దాని ఇంగ్లీష్. ఆ రోజు నా ఇంగ్లీష్ మీడియం మొదటిసారి పనికొచ్చిందనిపించింది. నాలుగు రోజుల్లో జిల్లా మార్చారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దన్న అత్త, తనే వీధిలో వాళ్లకి, బంధువులకి నోటీసు ఫొటో వాట్సాప్‌లో పంపింది. అది పంపేటప్పుడు అత్త ముఖం నేను చూడలేకపోయా.

రెండో వేలంలో ఇద్దరు పాడారు. 46 లక్షలకి పోయింది. అప్పటికి వడ్డీ, ఖర్చులు పెరిగి బాకీ 41న్నర అయింది. మిగిలిన నాలుగున్నర లక్షలు, రెండు లెటర్లు రాశాక, మామయ్య ఖాతాలో పడ్డాయి. కొన్నది రెండు వీధుల అవతల వాళ్లే. మొదటి వేలం సంగతి వాళ్లకి తెలియనే తెలియదంట.

ఇల్లు పోయింది. అది నేను దాచను, దీన్ని గెలిచిన కథలా చెప్పను. ఇప్పుడు వాళ్లు ముత్తుకూరు రోడ్డు వైపు అద్దెకి ఉంటున్నారు. కానీ నెత్తిన బాకీ లేదు. బావ చదువు ఆగలేదు. ఇంటి అడ్వాన్స్ అందులోంచే కట్టారు.

మొన్న సెలవులకి వెళ్తే మామయ్య ఇంకో కాగితం తెచ్చాడు. పక్కింటాయనకి వచ్చిన నోటీసు. "పాపా, నీకు తెలుసు కదా, ఆయనకి కూడా కాస్త తెలుగులో చెప్పు." ఈసారి తడుముకోలేదు. ముందు 13(2) తేదీ చూశా, తర్వాత బాకీ అంకె చూశా, తర్వాత జిల్లా పేరు చూశా. మీ ఇళ్లలో, మీ ఊళ్లలో కూడా ఇలాంటి కాగితాలు ఉంటాయి. ఇంగ్లీష్ వచ్చిన పిల్లలని మన ముందు పెడతారు. ఒకసారి ఆగి, అర్థం తెలుసుకుని, తెలుగులో చెప్పండి. సంతకానికి ముందే చెప్పండి.